ఆమె మా పేషెంటు కాదు

గత నెలలో, మా వైద్య బృందం ఇంటికి వెళ్ళి చూసే ఒక వెటరన్, అంటే మాజీ సైనికుడి, భార్య నిద్రలోనే చనిపోయారు. ఆమె వయసు 74. తెల్లవారుజామున ఆయన తన మంచం మీదనుంచి పిలిచి పిలిచి, ఆమె పలకకపోయేసరికి మెడలో ఉన్న అత్యవసర బటన్ నొక్కారు. ఆయన కిందపడితే అంబులెన్సు వస్తుందని మేము ఇప్పించిన బటన్ అది. ఆమె కోసం దాన్ని నొక్కవలసిన రోజు వస్తుందని, ఇప్పించిన నాడు మాలో ఎవరికీ తోచలేదు.

ఆ ఉదయం బృంద సమావేశంలో నర్సు ఈ వార్త చెప్పగానే కాసేపు అందరం మౌనంగా ఉండిపోయాం. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఈ రాత్రి ఇన్సులిన్ ఎవరు ఇస్తారు? మంచం మీదనుంచి వీల్‌చైర్‌లోకి ఎవరు దించుతారు? ఓక్లహోమాలో ఉన్న కూతురు ఎప్పటికి చేరుకుంటుంది? నర్సింగ్ హోమ్‌లో తాత్కాలికంగానైనా చోటు దొరుకుతుందా? అన్నీ అడగవలసిన ప్రశ్నలే, వాటిలో రెండు నేనే అడిగాను. ఆమె ఎందుకు చనిపోయారని మాత్రం ఎవరమూ అడగలేదు. అడిగినా జవాబు వెతకడానికి ఆమె చార్టు మా దగ్గర లేదు. ఆమె మా పేషెంటు కాదు.

ఈ వాక్యంతో నెల రోజులుగా పెనుగులాడుతున్నాను. నియమాల ప్రకారం అది నిజం. కానీ పద్నాలుగేళ్ళుగా ఇళ్ళ చుట్టూ తిరుగుతున్న మనిషిగా నాలో గట్టిపడుతూ వచ్చిన అభిప్రాయం వేరు. ఇంట్లో ఇచ్చే వైద్యంలో పేషెంట్లు ఎప్పుడూ ఇద్దరు. ఒకరు మంచం మీద ఉన్న మనిషి, రెండవవారు ఆ మంచం పక్కన నిలబడిన మనిషి. ఆ రెండవ మనిషి పేరును చార్టులో ఒక గడిలో రాసుకుని ఊరుకున్నంత కాలం మేము చేస్తున్నది సగం వైద్యమే. ఈ అభిప్రాయం మీద నాకే కొన్ని గట్టి సందేహాలున్నాయి, వాటినీ దాచకుండా రాస్తాను. ఎవరినీ పోల్చుకునే వీలు లేకుండా వ్యక్తుల వివరాలు మార్చాను.

నేను పనిచేసేది టెక్సాస్ ఈశాన్య మూలన, పైన్ అడవుల మధ్య విసిరేసినట్టున్న పల్లెల్లో. అందరూ వి.ఏ. అని పిలిచే వెటరన్స్ శాఖ 1972లో మొదలుపెట్టిన ఇంటి వైద్య కార్యక్రమంలో సీనియర్ క్లినికల్ సోషల్ వర్కర్‌ని. మెడికేర్ అనే వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా ద్వారా వచ్చే ఇంటి సేవ సాధారణంగా ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలో, పుండు మానేదాకానో ఉండి ముగుస్తుంది. మాది అలా కాదు. గుండె, ఊపిరితిత్తులు, మధుమేహం, మతిమరుపు, వీటిలో రెండు మూడు కలిసి పట్టుకున్నవాళ్ళ దగ్గరికి ఏళ్ళ తరబడి, చాలామంది విషయంలో చివరి రోజు దాకా వెళతాం. మందులు రాసే అధికారమున్న నర్స్ ప్రాక్టిషనరు, నర్సు, ఫార్మసిస్టు, డైటీషియన్, థెరపిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు అంతా ఒకే బృందం.

సోషల్ వర్కర్ అనగానే మన వైపు సంఘసేవ అనే అర్థం తడుతుంది కాబట్టి ఒక్క మాట చెప్పాలి. టెక్సాస్‌లో క్లినికల్ లైసెన్సు రావాలంటే మాస్టర్స్ డిగ్రీ మీద మరో 3,000 గంటలు పైవారి పర్యవేక్షణలో పనిచేసి పరీక్ష రాయాలి. ఆ తర్వాత మేము చేసే పనిలో కౌన్సెలింగ్ ఉంటుంది, ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేయడం ఉంటుంది, మరణం గురించి కుటుంబంతో మాట్లాడటం ఉంటుంది. వీల్‌చైర్ ఎక్కే ర్యాంపు కోసం, పెన్షన్ కోసం, ఇంటికొచ్చే ఆయా గంటల కోసం దరఖాస్తులు నింపడమూ ఉంటుంది. ఈ రెండూ వేరువేరు పనులని నేను ఏనాడూ అనుకోలేదు. ర్యాంపు ఎక్కడ కట్టాలో కొలుస్తున్నప్పుడు మనిషి చెప్పే మాటలు, కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని కూర్చున్నప్పుడు చెప్పరు.

ఫ్రిజ్ మీది క్యాలెండర్

చనిపోయినావిడ ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి ఒక క్యాలెండర్ ఉండేది. విత్తనాల దుకాణం వాళ్ళు ఏటా ఉచితంగా ఇచ్చేది. అందులో ఆయన అపాయింట్‌మెంట్లన్నీ నీలి సిరాతో రాసి ఉండేవి. కంటి డాక్టరు, కిడ్నీ డాక్టరు, కాలు తీసేసిన చోట అమర్చిన కృత్రిమ కాలు సరిచూసేవాళ్ళు, మా నర్సు వచ్చే మంగళవారాలు. అక్కడక్కడా పెన్సిల్‌తో రాసినవి ఉండేవి. అవి ఆమెవి. పెన్సిల్‌తో ఎందుకు రాస్తారని ఒకసారి అడిగితే, "నావి మారుతుంటాయి కదా" అన్నారు. మారడమంటే చెరిపేయడమని నాకు తర్వాత అర్థమైంది. చివరి నెలలో గుండె డాక్టరు అని రాసి చెరిపిన గుర్తు, రబ్బరు రుద్దిన చోట కాగితం పలచబడి కనిపిస్తూనే ఉంది.

ఆయన వియత్నాం యుద్ధంలో పనిచేసినవారు. అక్కడి అడవుల ఆకులు రాల్చడానికి ఏజెంట్ ఆరెంజ్ అనే రసాయనం చల్లిన నేలమీద తిరిగినవారికి టైప్ 2 మధుమేహం వస్తే, అది సైనిక సేవ వల్లే వచ్చినట్టు వి.ఏ. లెక్కిస్తుంది. ఆ మధుమేహమే ఆయన కాలు తీసుకుంది, కిడ్నీలను దెబ్బతీసింది. ఇక రాత్రుళ్ళు అరుస్తూ లేచే జబ్బుకి ఒక పేరు దొరికింది 1980లో, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పి.టి.ఎస్.డి.ని, అంటే భయంకర అనుభవాల తర్వాత వచ్చే మానసిక రుగ్మతను, తన వ్యాధుల జాబితాలో చేర్చినప్పుడు. ఆమె ఆయన్ని పెళ్ళాడింది 1972లో. పేరు లేని జబ్బుతో ఆమె ఎనిమిదేళ్ళు కాపురం చేశారన్నమాట.

చనిపోవడానికి సుమారు మూడు నెలల ముందు నేను ఆమెకు జారిట్ ప్రశ్నావళి ఇచ్చాను. సేవ చేసేవాళ్ళ మీద ఎంత ఒత్తిడి ఉందో కొలవడానికి వాడే సాధనం అది. 22 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు దాకా, మొత్తం 88. మీకంటూ సమయం మిగలడం లేదనిపిస్తుందా, మీ ఆరోగ్యం దెబ్బతిన్నదనిపిస్తుందా, ఇలా సాగుతాయి ప్రశ్నలు. ఆమె వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని జవాబులిచ్చారు. పక్క గదిలో ఆయన బేస్‌బాల్ చూస్తున్నారు. వాళ్ళది మొబైల్ హోమ్, ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి నిలబెట్టే ఇల్లు. దాని గోడలు ఎంత పలచగా ఉంటాయో అందులోకి వెళ్ళినవాళ్ళకు తెలుసు. ఆయన టీవీ శబ్దం తగ్గించడం నాకు వినబడింది, ఆమెకూ వినబడే ఉంటుంది. వచ్చిన మొత్తం 9. "సేవ చేసే వ్యక్తి ఒత్తిడి స్వల్పం" అని చార్టులో రాసి, ప్రణాళికలో ఆ భాగం పూర్తయినట్టు గుర్తు పెట్టాను.

ఆ సంఖ్య అబద్ధమని ఆ క్షణంలోనే నాకు తెలుసు. అంతకు అరగంట ముందే ఆ పెన్సిల్ గుర్తులు చూశాను. వంగి మందుల పెట్టె తీస్తూ ఆమె బల్ల అంచు పట్టుకుని ఊపిరి కూడగట్టుకోవడం చూశాను. అయినా సంఖ్య దొరికింది కదా అని కళ్ళు చూసినదాన్ని పక్కన పెట్టాను. మరో ఇంటికి నలభై మైళ్ళు వెళ్ళాలి, సాయంత్రంలోగా నోట్స్ పూర్తిచేయాలి. కారణాలు చెప్పుకోవచ్చు గానీ తప్పు తప్పే. లోపం ఆ ప్రశ్నావళిది కూడా కాదు. భర్త వినేంత దూరంలో భార్యను "మీ భర్త వల్ల మీకు కష్టంగా ఉందా" అని అడగడం ప్రశ్న అనిపించుకోదు.

1999లో జామా అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. జీవిత భాగస్వామికి సేవ చేస్తూ, ఆ సేవలో ఒత్తిడికి గురవుతున్న వృద్ధులు, అలాంటి సేవ అవసరం లేనివారితో పోలిస్తే నాలుగేళ్ళలో చనిపోయే ప్రమాదం 63 శాతం ఎక్కువని అందులో తేలింది. మా రంగంలో ఈ సంఖ్య వినని వాళ్ళుండరు. దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 2013లో అమెరికాలోనే జరిగిన మరో పెద్ద అధ్యయనంలో, కుటుంబ సభ్యులకు సేవ చేసేవారి మరణాల రేటు చేయనివారికంటే 18 శాతం తక్కువగా కనిపించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాకాలం తికమకపడ్డాను. ఇప్పుడు నాకు అర్థమైనంతవరకు ఇవి ఒకదాన్నొకటి కొట్టివేయవు. 1999 నాటి అధ్యయనంలో కూడా సేవ చేస్తూ ఒత్తిడి లేదన్నవారికి చెప్పుకోదగ్గ అదనపు ప్రమాదం కనబడలేదు. మనిషిని నలగ్గొట్టేది సేవ కాదు, ఊపిరి తీసుకునే సందు లేని సేవ. ఆ సందు ఉందా లేదా అని చూసి చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లోకి అడుగుపెట్టేవాళ్ళలో ఒకరే ఉంటారు, ఆ ఉద్యోగం నాది.

మనవాళ్ళు అలా చేయరు

డాలస్ శివార్లలో మా ఇంటి చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామంది. వారాంతాల్లో కలిసినప్పుడు నా ఉద్యోగం గురించి మాట వస్తే తరచుగా వినే మాట ఒకటుంది. "వీళ్ళు ముసలివాళ్ళని హోముల్లో పడేస్తారు, మనం అలా చేయం" అని. మొన్న ఆ అర్థంతో ఒక పొడవాటి వాట్సాప్ సందేశం కూడా వచ్చింది. దానికి అక్కడ జవాబు రాయలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను.

మొదటి విషయం, వీళ్ళు పడేయరు. నేను వెళ్ళే ఇళ్ళలో భార్యలు, కూతుళ్ళు, ఒకచోట 80 దాటిన అక్కగారు, మరోచోట మాజీ భార్య కూడా, పక్కన ఉండి ఎత్తుతున్నారు, కడుగుతున్నారు, తినిపిస్తున్నారు. వెటరన్లకూ సైన్యంలో ఉన్నవారికీ ఇలా సేవ చేస్తున్నవాళ్ళు 55 లక్షల మంది ఉంటారని రాండ్ అనే పరిశోధనా సంస్థ 2014లోనే అంచనా వేసింది. రెండవ విషయం, 'మనం' అన్నప్పుడు ఆ మాటలో ఎవరున్నారో చూసుకోవాలి. మామగారిని ఇంట్లోనే పెట్టుకున్నామని సభలో చెప్పేది కొడుకు. రాత్రి రెండింటికి పక్కబట్టలు మార్చేది కోడలు.

మా పెదనాన్నగారు సైన్యంలో పనిచేసి సుబేదారుగా రిటైరయ్యారు. మాది తాడేపల్లిగూడెం దగ్గర. ఇంటింటి నుంచీ సైన్యానికి మనిషిని పంపిన ఊరుగా పేరున్న మిలిటరీ మాధవరానికి దూరం కాదు. పెదనాన్నకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక పెద్దమ్మ ఆరేళ్ళు ఆయన్ని చూసుకుంది. మోకాళ్ళ నొప్పితో వీధి అరుగు మెట్లు కూర్చుని కూర్చుని దిగేది. నేను ఇక్కడినుంచి ఫోన్ చేసి "నువ్వెలా ఉన్నావు పెద్దమ్మా" అని అడిగితే, "నాకేమైందే, గుండ్రాయిలా ఉన్నాను, మీ పెదనాన్నే రెండు ముద్దలకంటే ఎక్కువ తినడం లేదు" అనేది. నీ సంగతి చెప్పమంటే ఆయన సంగతి చెప్పేది. ఇదే సంభాషణ, ఇదే వరసలో, వేరే భాషలో, ఆ మొబైల్ హోమ్ వంటగదిలో విన్నాను.

ఇక్కడ ఒక విషయం నన్ను ఆగి ఆలోచించేలా చేసింది. మన దేశంలో మాజీ సైనికుల కోసం 2003లో వచ్చిన ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకంలో భార్యకు కూడా తన పేరున కార్డు ఉంటుంది. పెద్దమ్మకూ ఉండేది. పెదనాన్న ఎంత పేషెంటో ఆవిడా అంత పేషెంటే, కాగితం మీద. కాని పాలీక్లినిక్ ఉన్న పట్నానికి మంచంలో ఉన్న మనిషిని వదిలి ఆవిడ ఎలా వెళుతుంది? ఇంటికి వచ్చేవాళ్ళు లేరు. ఇక్కడ టెక్సాస్‌లో ఏడుగురం ఇంటికి వెళతాం, భార్యకు మాత్రం మా చార్టులో చోటు లేదు. అక్కడ కార్డు ఉంది, గడప దాకా వచ్చే మనిషి లేడు. ఇక్కడ గడప దాటి వంటగదిలో కూర్చుంటాను, బి.పి. మిషను నర్సు సంచిలో ఉంటుంది, ఆమె చేతికి ఆ పట్టీ చుట్టడం మా పని కాదు.

భారం అన్న మాట

నా అభిప్రాయానికి ఎదురుగా చెప్పదగిన మాటల్లో బలమైనది నాతో పనిచేసే ఒక నర్సు చెప్పింది. పాతికేళ్ళ అనుభవం ఉన్న మనిషి. "నువ్వు భార్యలందరినీ పేషెంట్లను చేస్తే, మన జాబితా రెండింతలవుతుంది. ఇప్పటికే ఎదురుచూస్తున్న వెటరన్ల ఇళ్ళకి ఎవరు వెళతారు?" అని అడిగింది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఈ డబ్బు ప్రజలు యుద్ధానికి వెళ్ళినవారి కోసం ఇచ్చినది, దాన్ని వారి కోసమే ఖర్చుపెట్టాలన్నదీ న్యాయమైన మాటే. నేను అనగలిగింది ఒకటే. ఆమె కూలిపోయిన రోజున ఆయన వైద్యం మొత్తం కూలిపోయింది. ఏళ్ళ తరబడి మేము కట్టుకుంటూ వచ్చిన ప్రణాళిక ఒక్క ఉదయంలో నర్సింగ్ హోమ్ మంచానికి చేరింది. ఆయన కోసమే ఖర్చుపెట్టాలన్నా ఆమెను చూడక తప్పదు.

రెండవ అభ్యంతరం వెటరన్ల వైపునుంచి వస్తుంది, అది నన్ను ఇంకా ఎక్కువ భయపెడుతుంది. రెండేళ్ళ క్రితం మరో ఇంట్లో, భార్యతో ఆ ప్రశ్నావళి పూర్తిచేసి కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఆమెతో పాటు వెనుక గదిలో ఆక్సిజన్ మిషను చూడటానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆయన వీల్‌చైర్‌లో బల్ల దగ్గర ఉన్నారు. కాగితం తలకట్టులో ఉన్న 'బర్డెన్', అంటే భారం, అన్న మాట మీద వేలు పెట్టి, "ఇది నా గురించేనా?" అని అడిగారు. కోపంగా కాదు, తన బరువు ఎంతో తూకం మీద చూసుకున్న మనిషి అడిగినట్టు అడిగారు. ఏదో సర్ది చెప్పాను. వారం తర్వాత ఆయన భార్య కారు దాకా వచ్చి, ఆ రాత్రి ఆయన సొరుగులోంచి పిస్తోలు తీసి శుభ్రం చేసుకుంటూ చాలాసేపు కూర్చున్నారని చెప్పారు.

ఈ దేశంలో 2022లో 6,407 మంది వెటరన్లు ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో నూటికి 73 మందికి పైగా వాడినది తుపాకీ. తాను ఇంట్లోవాళ్ళకు భారమయ్యానన్న ఆలోచన ఎంత ప్రమాదకరమైనదో మాకు శిక్షణలో మొదట నేర్పే పాఠాల్లో ఒకటి. అలాంటిది ఆ మాటనే అచ్చువేసిన కాగితాన్ని నేను ఆయన బల్ల మీద వదిలి వెళ్ళాను. భార్య వచ్చి చెప్పిన ఆ సాయంత్రమే సైకాలజిస్టు, నేను కలిసి వెళ్ళాం. నేరుగా అడిగాం, ఆయన నేరుగానే చెప్పారు. తుపాకీ ఆయన తమ్ముడి ఇంటికి చేరింది. ఆయన ఈనాటికీ మా జాబితాలో ఉన్నారు, నేను వెళితే బఠాణీ పాదులు చూపిస్తారు.

కాబట్టి 'రెండవ పేషెంటు' అని నేను అంటున్నప్పుడు, ఆ మాట మొదటి పేషెంటు చెవిన ఎలా పడుతుందో మరచిపోలేను. ఆమె కష్టాన్ని పైకి తెస్తే ఆయన అపరాధంలో కుంగిపోవచ్చు. కుంగిపోకపోయినా, "ఇంట్లో పరిస్థితి నిలబడేలా లేదు" అని మేము రాసిన వాక్యమే రేపు ఆయన్ని ఇష్టంలేని నర్సింగ్ హోమ్‌కి పంపే కారణంగా మారవచ్చు. భార్యలకు ఇది బాగా తెలుసు. వాళ్ళు అన్నిటికీ సున్నా అని జవాబివ్వడం మొహమాటం వల్లనే అని నేను మొదట్లో అనుకునేదాన్ని. అందులో చాలా భాగం జాగ్రత్త. నిజం చెబితే మనిషిని తీసుకుపోతారన్న భయం, మా చేతుల్లో ఉన్న కాగితాలు ఎటు వెళతాయో తెలియని అనుమానం. ఆ అనుమానం తప్పని నేను ఏ ఇంట్లోనూ ప్రమాణం చేసి చెప్పలేను.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

వి.ఏ. ఏమీ చేయడం లేదని రాస్తే అది అన్యాయం. 2010లో వచ్చిన చట్టంతో, కుటుంబ సభ్యులకు నెలనెలా డబ్బిచ్చి సేవ చేయించే కార్యక్రమం మొదలైంది. అయితే మొదట్లో అది 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాతి యుద్ధాల్లో గాయపడ్డవారి కుటుంబాలకే. వియత్నాం నాటివారి కుటుంబాలకు 2020 అక్టోబరులో, మిగిలిన అందరికీ 2022 అక్టోబరులో ద్వారం తెరిచారు. చనిపోయినావిడ 2009 నుంచి ఆయన్ని చూసుకుంటున్నారు. డబ్బు అందడం మొదలైంది పదకొండేళ్ళ తర్వాత. ఆ దరఖాస్తు నేనే నింపించాను. మొదటి చెక్కు వచ్చిన రోజు ఆమె ఫోన్ చేసి, వాషింగ్ మెషీన్ కొంటున్నానని సంతోషంగా చెప్పారు. అదే కార్యక్రమంవాళ్ళు అప్పుడప్పుడూ ఆమె క్షేమం కనుక్కునేవారు. బాగున్నానని ఆమె చెప్పేవారు, బాగున్నారని వాళ్ళు రాసుకునేవారు.

ఏడాదికి 30 రోజుల దాకా విశ్రాంతి సెలవు కూడా ఉంది. ఆ రోజుల్లో ఆయాను పంపుతారు, లేదా వెటరన్‌ని కొద్ది రోజులు నర్సింగ్ హోమ్‌లో ఉంచుకుంటారు. ఆమె తన మొత్తం సేవలో ఆ సెలవు రోజులు ఎన్ని వాడుకున్నారో లెక్క చూశాను. నాలుగు, అవీ కూతురి కాన్పుకి. మేము ఆ సెలవును 'కావాలంటే తీసుకోవచ్చు' అని చెప్పాం. కావాలని ఆమె ఎలా అంటారు? డాక్టరు ఇన్సులిన్ రాసేటప్పుడు కావాలంటే వేసుకోమని రాయరు కదా.

ఇంకొక నియమం ఉంది. ఇది తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఒక వెటరన్ చనిపోయేనాటికి వరసగా పదేళ్ళపాటు, సైనిక సేవ వల్ల సంపూర్ణ వైకల్యం వచ్చిందని వి.ఏ. ఇచ్చిన రేటింగ్‌తో ఉంటే, ఆయన ఏ కారణంతో పోయినా భార్యకు నెలనెలా భృతి వస్తుంది. మంచి నియమం, ఎందరో స్త్రీలు దానిమీద బతుకుతున్నారు. కానీ అది ఆయన ముందు పోతాడన్న నమ్మకం మీద కట్టినది. ఈ ఇంట్లో ఆయన రేటింగ్‌కి పదేళ్ళు నిండి చాలాకాలమైంది, ముందు వెళ్ళింది ఆమె.

2025 జనవరి 2న సంతకమైన, మాజీ సెనేటర్ ఎలిజబెత్ డోల్ పేరిటి చట్టం, ఇంటి దగ్గర సేవకు పెట్టగల ఖర్చు పరిమితిని నర్సింగ్ హోమ్ ఖర్చులో 65 శాతం నుంచి 100 శాతానికి పెంచింది. ఇది పెద్ద మార్పు. అంత ఖర్చయ్యే సేవ అవసరమైన ఇళ్ళలో ఆయా గంటలు పెరిగితే, కనీసం రాత్రి నిద్రైనా దొరుకుతుంది. అయితే మా పల్లెల్లో మంజూరైన గంటలకు మనుషులు దొరకరు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, అంత దూరం వచ్చేందుకు ఎవరూ ఒప్పుకోవడం లేదంటారు. గంటలు కాగితం మీద ఉంటాయి, ఆమె మంచం పక్కన ఉంటుంది.

ప్రభుత్వం దగ్గర లేనిది ఒక భార్య దగ్గర ఉండటం కూడా చూశాను. కొరియా యుద్ధంలో పనిచేసిన ఒక పెద్దాయన పెన్షన్ కోసం ప్రయత్నిస్తున్నప్పుడు ఆయన సైనిక రికార్డు ఎక్కడా దొరకలేదు. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని రికార్డుల భవనంలో రేగిన మంటల్లో, 1912 నుంచి 1960 దాకా సైన్యం నుంచి విడుదలైన వారి కాగితాలు సుమారు 80 శాతం కాలిపోయాయి, ఈయనవీ పోయాయి. "డిశ్చార్జి కాగితం ఏమైనా ఉందా?" అని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపారు. భార్య లేచి వెళ్ళి, అటక మీదనుంచి ఒక బిస్కట్ల డబ్బా దింపి, మైనపు కాగితంలో చుట్టిన దాన్ని నా చేతిలో పెట్టారు. అరవై ఏళ్ళకు పైగా దాచారు. ఆయన పెన్షన్ ఫైలు ఆ డబ్బాతో నిలబడింది. ఫైలులో ఆమె పేరు రెండుచోట్ల ఉంది, రెండుచోట్లా 'భార్య' అన్న గడి ఎదురుగానే.

కారు దాకా

ఈ నెలలో నేను పని చేసే తీరు కొంత మార్చాను. ప్రశ్నావళిని ఇంట్లో ఇవ్వడం మానేశాను. బయలుదేరేటప్పుడు "కొంచెం కారు దాకా వస్తారా" అని అడుగుతున్నాను. గేటు దగ్గర, కుక్కలు తిరుగుతున్నచోట, చేతులు కట్టుకుని నిలబడి వాళ్ళు చెప్పే మాటలు వంటగదిలో ఎన్నడూ వినలేదు. "మీ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళుతున్నారు, ఆ రోజు ఈయన దగ్గర ఎవరుంటారు" అని తేదీతో సహా అడిగి, ఆ రోజుకు ఆయాను ముందే మాట్లాడి పెడుతున్నాను. విశ్రాంతి సెలవును ఇష్టానికి వదలకుండా, మందు చీటీలో రాసినట్టు ప్రణాళికలో రాయమని మా నర్స్ ప్రాక్టిషనరును అడిగాను. ఆవిడ ఒప్పుకున్నారు. రాత్రికి రాత్రి భార్య పడిపోతే ఏంచేయాలో ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద పెడుతున్నాం.

అందరూ దీన్ని మెచ్చుకోలేదు. ఒకావిడ నన్ను గేటు దగ్గరే నిలదీశారు. "నేను ఆయన భార్యని. మీ పేషెంటుని కాను, కావాలనీ లేదు. నా సంగతి మీ కంప్యూటర్లో రాయొద్దు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. తన కష్టాన్ని ఎవరి ఫైలులోకీ ఎక్కించకుండా ఉంచుకునే హక్కు ఆమెకుంది. నేను ఇంతసేపు వాదించిన దాని ప్రకారం ఆమె నా పేషెంటు. ఆమె మాట ప్రకారం కాదు. క్షమాపణ చెప్పి, ఏమీ రాయనని మాటిచ్చాను, రాయలేదు. వచ్చే నెలలో మళ్ళీ కారు దాకా రమ్మని అడుగుతాను, రాకపోతే ఊరుకుంటాను.

నిన్న ఇంకో ఇంట్లో, భార్య తన గుండె పరీక్ష తేదీ తానుగా చెప్పారు. నవంబరు 18, ఉదయం తొమ్మిదిన్నర. సాయంత్రం నోట్స్ రాస్తూ ఆ తేదీని ఎక్కడ పెట్టాలో వెతికాను. అపాయింట్‌మెంట్ల గడి వెటరన్‌వి మాత్రమే తీసుకుంటుంది. కేర్‌గివర్ గడిలో పేరు, చుట్టరికం, ఫోన్ నంబరు తప్ప మరేమీ పట్టవు. చివరికి ఆయన చికిత్స లక్ష్యాల కింద, 'ఇతరములు' అన్నచోట రాశాను. ఇంటికి వచ్చాక మా ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో కూడా ఆ తేదీ దగ్గర పెన్నుతో ఒక గుర్తు పెట్టుకున్నాను.